దాలయ్య ఇస్త్రీ బండి పైన

గుర్రాలకొండ మెట్ల మొదట్లో దాలయ్య అనే ఇస్త్రీ బండి మనిషి ఉండేవాడు. బట్టల దగ్గర అతనికి ఎంత ఓర్పో, మనుషుల దగ్గర అంత విసుగు.

ఆ కొండ మీద ఇళ్ళకు నంబర్లు లేవు. వీధులకు పేర్లు లేవు. పేరు పెడదామన్నా అసలు వీధులుంటే కదా! ఎవరికి జాగా దొరికిన చోట వాళ్ళు గోడ లేపుకున్నారు, గోడకీ గోడకీ మధ్య మిగిలిందే దారి. ఒకసారి మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి గోడల మీద ఎర్రరంగుతో అంకెలు వేసి వెళ్ళారు. పండక్కి జనం వెల్ల వేసుకునేసరికి అంకెలన్నీ దాని కిందికి పోయాయి. మళ్ళీ వేయడానికి ఎవరూ రాలేదు.

అందుకని కొండ మీద వాళ్ళంతా చిరునామాలో ఒకటే గుర్తు రాసేవారు: "దాలయ్య ఇస్త్రీ బండి పైన, గుర్రాలకొండ." పోస్టుమాన్ కామరాజుగారికి మోకాళ్ళ నొప్పులు. ఆ మెట్లెక్కడం ఆయన వల్ల అయ్యే పని కాదు. బండి దగ్గర సైకిలు ఆపి ఆయన పేర్లు చదువుతుంటే, దాలయ్య ఒక్కో ఉత్తరాన్నీ ఆ ఇంటివాళ్ళ ఇస్త్రీ బట్టల మడతలో పెట్టేవాడు. సాయంత్రం బట్టల మూటతో పాటు ఉత్తరమూ ఇల్లు చేరేది. చొక్కా మడత విప్పితే మేనమామ కబురు, చీర మడత విప్పితే పుట్టింటి కబురు. ఫోన్లు ఇంకా కొండెక్కని రోజులవి.

మొదట్లో దాలయ్యకు ఇదంతా గొప్పగానే ఉండేది. తన పేరు రాయందే కొండకు ఒక్క కార్డు ముక్క రాదని మీసం తిప్పేవాడు. రానురాను ఆ గొప్పే మెడకు చుట్టుకుంది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళూ దారి అతన్నే అడిగేవారు, గ్యాసు బండ తెచ్చినవాడూ అతన్నే అడిగేవాడు. పొద్దున్నించీ నిలబడి కాళ్ళు పీకేవి. బరువైన ఇస్త్రీపెట్టె తోసితోసి కుడిభుజం పట్టేసేది. పాపం, అతని అలసటలో అబద్ధమేమీ లేదు. అతను కసురుకున్నా జనం నవ్వి ఊరుకునేవారు.

కొండ పైకొసన గొర్లె సన్యాసయ్య అనే తాపీ కూలీ కాపురం ఉండేవాడు. అతని కూతురు నూకరత్నం చదువులో చురుకైన పిల్ల. కొండ మీది బడి ఐదో తరగతితో సరి. కింద పట్నంలో పెద్దబడి ఉన్నా, పిల్లను రోజూ అంతదూరం పంపి తెచ్చుకునే తీరిక కూలికి పోయే తల్లిదండ్రులకు లేదు. అందుకే ఆ పిల్ల తిండీ బసా కూడా ఇచ్చే హాస్టలు బడికి పరీక్ష రాసింది. సీటు వస్తే ఉత్తరం పంపుతామని, అందులో చెప్పిన గడువులోగా వచ్చి చేరాలని బడివాళ్ళు చెప్పారు.

ఆ ఉత్తరం వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. బండి మీద పెళ్ళివారి బట్టలు గుట్టగా పడి ఉన్నాయి. బొగ్గు సరిగా రాజుకోక దాలయ్య చిరాకుగా విసనకర్ర విసురుతున్నాడు.

"దాలయ్యా, ఇది రిజిస్టరు ఉత్తరం. గొర్లె సన్యాసయ్య అట. పిలిపిస్తావా? ఆయనో, ఆయన ఇంటివాళ్ళో సంతకం పెట్టాలి," అన్నాడు కామరాజుగారు.

సంతకం పెట్టాల్సిన ఉత్తరం బట్టల మడతలో పెడితే కుదరదు. పైగా సన్యాసయ్య ఇంటినుంచి ఇస్త్రీకి ఏనాడూ ఒక్క చొక్కా రాలేదు. బొగ్గు వదిలేసి అన్ని మెట్లూ ఎక్కాలి, లేదా పైకి పోయేవాళ్ళెవరినైనా పట్టుకుని బతిమాలాలి. దాలయ్య తల కూడా ఎత్తలేదు.

"ఎవురో నాకు తెల్దు బాబూ."

"సరిగ్గా ఆలోచించు. నీ బండి గుర్తే రాశారు."

"నా బండి పేరు ఊరందరూ రాస్తారు. అందరూ నాకేటి సుట్టాలా? తెల్దంటే తెల్దు!"

కామరాజుగారూ ఎండన పడి వచ్చిన మనిషే. ఆయనకూ ఇంకోసారి అడిగే ఓపిక లేదు. ఉత్తరం మీద ఏదో గీకి సంచిలో పడేసుకుని వెళ్ళిపోయాడు. రేపు మళ్ళీ తెస్తాడు కదా, అప్పుడు చెబుదాంలే అనుకున్నాడు దాలయ్య. మర్నాడు కామరాజుగారు ఆ ఊసెత్తలేదు. దాలయ్యా అడగలేదు.

కొన్నాళ్ళకు సన్యాసయ్య పని నుంచి వస్తూ బండి దగ్గర ఆగాడు. చేతుల నిండా సిమెంటు మరకలు.

"మావా, మా పిల్లకి బడికాణ్ణించి ఉత్తరం రావాల. ఏటైనా వొచ్చిందా?"

దాలయ్యకు ఆ రిజిస్టరు ఉత్తరం గుర్తొచ్చింది. అయినా నోరు అలవాటైన దారినే పోయింది. "నేదురా. వొస్తే నాను పంపనేటి?"

"నువ్వున్నావనే గదా నా ధైర్యం," అని సన్యాసయ్య మెట్లెక్కాడు.

మర్నాడు కామరాజుగారు రాగానే దాలయ్య ఆత్రంగా ఆ ఉత్తరం సంగతి అడిగాడు. "అదా! మనిషి తెలియలేదని ఎప్పుడో వెనక్కి పంపేశాను కదయ్యా. నువ్వే కదా చెప్పావు," అన్నాడాయన.

అప్పటికింకా గడువు మిగిలే ఉంది. ఆ సాయంత్రమే కొండెక్కి, ఉత్తరం వచ్చి వెళ్ళిందిరా, పరుగున బడికి పో, అని ఒక్క మాట చెబితే పిల్ల సీటు పిల్లకు దక్కేది. చెప్పాలనే అనుకున్నాడు దాలయ్య. చెబితే తన అబద్ధం బయటపడుతుందని సిగ్గు. పని ముగిశాక మెట్ల వైపు చూస్తే కాళ్ళు బరువు. రేపు, రేపు అంటూ నెట్టుకొచ్చాడు. సన్యాసయ్య మాత్రం రోజూ అడుగుతూనే ఉన్నాడు. అడిగిన ప్రతిసారీ దాలయ్య బొగ్గుల్లోకి చూస్తూ నేదన్నాడు.

చివరికి ఉండబట్టలేక సన్యాసయ్య కూలి మానుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని బస్సెక్కి ఆ బడికి వెళ్ళాడు. పొద్దువాలే వేళకు ఇద్దరూ తిరిగొచ్చారు. ఇక నడవలేనట్టు సన్యాసయ్య బండి పక్కన రాయి మీద కూలబడ్డాడు. పిల్ల ముఖం ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉంది.

"సీటు వొచ్చింది మావా. ఉత్తరమూ ఏసేరంట. ఆ పేరుగలోడు ఇక్కడ నేడని తిరిగెళ్ళిపోనాదంట. గడువు దాటిపోనాదని సీటు ఇంకో పిల్లకిచ్చేసేరు. వొచ్చే ఏడు రాద్దారంటే వయసు దాటిపోద్దంట," అన్నాడు సన్యాసయ్య. మళ్ళీ తనే, "పోస్టాయన ఎవుర్నడిగేడో ఏటో. నువ్వు ఆ ఏళ బండికాడ ఉండుంటే సెప్పీవోడివే," అన్నాడు.

తిడితే దాలయ్య తట్టుకునేవాడు. ఆ నమ్మకాన్ని తట్టుకోలేకపోయాడు. చేతిలోని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాడు.

"నన్నేరా అడిగేడు. తెల్దని సెప్పింది నానే. పని మీదున్నాను, ఇసుగెత్తిపోయి అనేసినాను. తరవాతైనా నీకు సెప్పకపోనాను."

కోపం తెచ్చుకునే ఓపిక కూడా సన్యాసయ్యలో మిగల్లేదు.

నూకరత్నం మాత్రం అడిగింది. "మా ఇల్లు నీకు తెలుసు గదా తాతా. మరి తెల్దని ఎందుకన్నావు?"

సన్యాసయ్య లేచి, పిల్ల చెయ్యి పట్టుకుని, మెల్లగా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత దాలయ్య ఎవరికి ఏ ఉత్తరం వచ్చినా బండి వదిలేసి, రొప్పుతూ, తనే కొండెక్కి ఇచ్చి వచ్చేవాడు. జనం అతన్ని ఎంతో మెచ్చుకునేవారు. పైకొసన ఉన్న ఇంటి ముందు మాత్రం అతను తల ఎత్తలేకపోయేవాడు. బడికి పోవలసిన వేళల్లో నూకరత్నం అక్కడ తమ్ముణ్ణి చంకనేసుకుని నిలబడి ఉండేది.

నీతి: అలసట అందరికీ వస్తుంది, కానీ తెలిసిన సంగతిని విసుగుతో తెలియదంటే అది అబద్ధమే, ఆ తప్పును వెంటనే ఒప్పుకుని దిద్దుకోకపోతే, దాని నష్టాన్ని ఏ పాపమూ ఎరుగనివాళ్ళు మోయవలసి వస్తుంది.