ఏనుగులసాలలో పడుగు

అనగనగనగా, వాన మొదలెడితే ఆపడం మర్చిపోయే ఒక ఊళ్ళో, పొడవాటి ఏనుగులసాల ఒకటి ఉండేది. ఇప్పటి రాజుగారి ముత్తాత కట్టించాడు. ఏనుగులు పోయాయి, ధాన్యం వచ్చింది. ధాన్యం పోయింది, గబ్బిలాలు వచ్చాయి. గబ్బిలాలు పోయాయి, నేతవాళ్ళు వచ్చారు. ఊ కొడుతున్నారా? మీరు ఊఁ అనకపోతే కథ అక్కడే నిలబడిపోతుంది మరి.

ఆ నేతవాళ్ళ ఇంటి కోడలు భావనమ్మ. మగ్గం ఎక్కించే ముందు నిలువు దారాలన్నీ పొడుగ్గా సాగదీసి గంజి పెట్టాలి. దాన్నే పడుగు అంటారు. ఎండాకాలం వీధిలో వేసుకుంటారు. వానాకాలం ఎక్కడ వేస్తారు, నీ నెత్తిమీదా? ఆ సాలలోనే! అది లేకపోతే వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవదు.

ఇప్పటి రాజుకేమో కూతురి పెళ్ళి. సాల కూలగొట్టి, అక్కడ అద్దాలమేడ లేపి, అందులో పెళ్ళి చేస్తానని చాటింపు వేయించాడు. అదే నోటితో మధుపర్కాలు నేయమని భావనమ్మ వాళ్ళకే పురమాయించాడు. మధుపర్కాలంటే పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ పీటలమీద కట్టుకునే తెల్లబట్టలు. చూశారా ఆయన తెలివి!

అత్త సూరాంబ మూటాముల్లే సర్దేసింది. రాజుతో మనకెందుకే, పదవే అని ఒకటే పోరు. భావనమ్మ మూట విప్పి పడేసింది.

"నేను కదల్ను అత్తా. నువ్వు గంజి కాచు."

తెల్లారేసరికి మధుపర్కాల పడుగు ఈ గోడనుంచి ఆ గోడదాకా పరిచేసింది. గునపాలవాళ్ళు వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. పెళ్ళి నూలు, దాటితే పాపం, తెంపితే అశుభం. మావల్ల కాదు బాబోయ్ అని వెనక్కి తిరిగారు. భటులొచ్చారు, వాళ్ళూ అంతే. మంత్రి వచ్చాడు, ఆయన చెప్పులు విడిచి దణ్ణం పెట్టి మరీ పోయాడు. ఊఁ?

చివరికి రాజే వచ్చాడు. కత్తి దూశాడు. భావనమ్మ అడ్డం రాలేదు, తలా వంచలేదు.

"తెంపండి మహారాజా, అమ్మాయిగారి మధుపర్కాలే. మీ చేత్తోనే తెంపండి. ఈ కప్పు తీసేస్తే పడుగు వానపాలే, మాకు కూడు లేదు, మీ ఇంట పెళ్ళి లేదు."

కన్నతండ్రికి చెయ్యి ఎలా లేస్తుందర్రా? కత్తి ఒరలోకి పోయింది. సరే, సాల మీకే వదిలేస్తున్నా అన్నాడు. రాజు కదా, పరువొకటి ఏడిసింది. పోతూపోతూ, అది మా ముత్తాత గోడ, ఒక్క ఇటుక కదిపారో జాగ్రత్త అన్నాడు.

"కదుపుతాం," అంది భావనమ్మ.

సూరాంబ నోట్లో కొంగు కుక్కుకుంది.

"కిటికీలు పెడతాం. ఏనుగులకి చీకటైనా సరిపోయింది, మాకు దారం కనపడాలి. ధాన్యం పోయించడానికి మీ తాతగారు గుమ్మం సగం పూడ్పించలేదా? అప్పుడు ఎవరు అడ్డం వచ్చారు?"

రాజు మొహం కందగడ్డయింది. కాసేపటికి ఆయనకే నవ్వొచ్చింది. మర్నాడు తాపీవాళ్ళని పంపించాడు. పెళ్ళి కోటలోనే జరిగింది. నేతవాళ్ళంతా వెళ్ళి కడుపునిండా బూరెలు తిన్నారు. సాలలోకి వెలుతురొచ్చింది.

పాతగోడ మారొచ్చర్రా, మారాలి కూడా. ఎలా మారాలో మాత్రం దాని కింద తలదాచుకున్నవాళ్ళని అడగాలి. అడక్కుండా గునపం ఎత్తితే, ఎత్తినవాడు ఎవడైనా సరే, మీరు కదలొద్దు.

కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.