నలభై రెండో గొంతు

కొండ మీద కాఫీతోటల చివర, మనుషులు వదిలేసి వెళ్లిన పెంకుటిల్లు ఒకటి ఉంది. ఇంట్లో ఒక కంప్యూటరు, కప్పు మీద సోలారు పలక మిగిలాయి. చావు దగ్గరపడిన జంతువు ఆ కంప్యూటరు మైకు ముందు నాలుగు మాటలు చెప్పి పోవడం ఆ అడవి ఆచారం. మిగిలినవాళ్లు మధ్యాహ్నం పూట వచ్చి, పోయినవాళ్లను విని వెళ్తారు. అప్పటికి నలభై ఒక్క గొంతులున్నాయి.

కంప్యూటరు బాగోగులు ముళ్లపంది చూసేది. అందరూ ముళ్లత్త అనేవారు. ప్రతి గురువారం ఇరవై నిమిషాలు దాన్ని ఆపి, మూత విప్పి, ఫ్యాను రెక్కల సందుల్లో దుమ్మును తన ముల్లుతో గీకేది. అక్కర్లేని ఫైళ్లు చెరిపేసేది. గొంతులన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేసి పుట్టలో దాచేది.

ఒక గురువారం నక్కకు ఒళ్లు మండింది.

"ఏం ముళ్లత్తా, నడుస్తున్నదాన్ని ఆపి గోకడం నీకు సరదానా? వారానికి ఇరవై, ఏడాదికి వెయ్యీ నలభై నిమిషాలు! పదిహేడు గంటల పైమాటే!"

"నేను ఆపకపోతే అదే ఆగుతుంది, నక్కయ్యా."

"ఆరేళ్లుగా ఆగిందా?"

"ఆపుతున్నాను కాబట్టే ఆగలేదు."

"విన్నారా ఈవిడ లెక్క!" అంది నక్క. ఎలుగుబంటి పొట్ట పట్టుకుని నవ్వింది. "నాకప్పగించండి. ఒక్క నిమిషం కూడా ఆపను."

అందరూ సరేనన్నారు. ముళ్లత్త ఆ పని నక్కకు అప్పగించి దిగిపోయింది.

నక్క పద్ధతి వేరు. కంప్యూటరు నడుస్తుండగానే తోకతో పైపైన దులిపేది. తోక వెంట్రుకలు ఫ్యాను లోపలికి పోతున్నాయని చూసుకోలేదు.

మూడో వారంలో నక్క పెళ్లాం జ్వరంతో పోయింది. పోయే ముందు పాక్కుంటూ మైకు దగ్గరికొచ్చి, "ఏమయ్యా, వేళకు తిను. నేనిక్కడే ఉంటా," అంది. అది నలభై రెండో గొంతు. నక్క దాన్ని రోజుకు ఏడుసార్లు వినేది.

"ఆ గొంతుకు కాపీ తీయించుకో నక్కయ్యా," అంది ముళ్లత్త వాకిట్లో నిలబడి. "నాలుగు నిమిషాల పని. ముందు ఒకసారి ఆపి దులపాలి, అంతే."

"ఆపనని అడవంతా చాటాను. ఇప్పుడు ఆపితే నా పరువేం కావాలి?"

తొమ్మిదో వారం. మిట్టమధ్యాహ్నమే పొగమంచు గదిలోకి వచ్చింది. ఆ చలిలో కంప్యూటరు డబ్బా మాత్రం పొయ్యిలా కాలుతోంది. వెంట్రుకలు మాడిన వాసన. లోపల ఎవరో రొప్పుతున్నట్టు చప్పుడు.

నక్క తన పెళ్లాం గొంతు పెట్టింది.

"ఏమ... య్యా..." గొంతు సాగింది. బరువెక్కింది. ఎప్పుడో చచ్చిపోయిన అడవిదున్న గొంతు మధ్యలో దూరింది. దాని వెనక నెమలి, కొండముచ్చు. అందరిదీ ఒకటే మాట.

"ఇక్కడే. ఇక్కడే. ఇక్కడే."

ఎలుగుబంటి గోడకు అతుక్కుపోయింది. "ఆపరా బాబూ, నీకు దణ్ణం పెడతా!"

"ఆపను!" నక్క డబ్బాను కావలించుకుంది. మూతి కాలినా వదల్లేదు. లోపల టప్పుమంది. తెర నల్లబడింది.

ఎలుగు పరుగున వెళ్లి ముళ్లత్తను తీసుకొచ్చింది. ఆమె మూత విప్పింది. ఫ్యాను చుట్టూ గోధుమరంగు వెంట్రుకల ఉండ. ఎవరివని ఎవరూ అడగలేదు. ఆమె అంతా దులిపి, మాడిన డిస్కు తీసేసి, పుట్టలోని డిస్కు పెట్టింది. తెర వెలిగింది.

గొంతులు ఒక్కొక్కటే పలికాయి. తన తాత మాట విని ఎలుగు భోరుమంది. నక్క గోళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది. నలభై. నలభై ఒకటి.

"తర్వాతది పెట్టత్తా."

"నేను దిగిపోయిన రోజుకు ఉన్నవి ఇవే, నాయనా."

"ఇంకోసారి చూడు. అడుగునెక్కడో ఉంటుంది."

లేదని తెలిసీ ముళ్లత్త మళ్లీ వెతికింది. నక్క స్పీకరుకు చెవి ఆనించి కూర్చుంది. కంప్యూటరు చడీచప్పుడూ లేకుండా చక్కగా నడుస్తోంది.

నడుస్తున్నప్పుడే ఆపి బాగుచేసుకోవాలి. ఆగిపోయాక బాగయ్యేది యంత్రమే, అందులో పోయింది తిరిగి రాదు.