దూలము మోయు గణముల నోము

పూర్వము శాంతవ్రతుడను ముని క్షేత్రములన్నియు తిరిగి తిరిగి, కాళ్లు పట్టుకొనిపోగా ఒక పాత శివాలయపు మండపమున చతికిలబడెను. అచ్చటనే కూర్చున్న కుశకేతుడను వృద్ధమునిని జూచి, నోములన్నియు ఓపిక గలవారికే చెప్పబడినవి గదా, ఓపిక లేనివారు చేయదగిన నోమేదైన కలదా యని అడిగెను. అంత కుశకేతుడు, స్తంభము మీద గొంతుకూర్చుండి రెండు చేతులతో దూలమును మోయుచున్న రాతిగణమును చూపి, ఇట్లు చెప్పదొడంగెను.

రాతిమడుగను గ్రామమున విస్సన్నయను గృహస్థుడును, అతని భార్య సోమిదేవమ్మయు నుండిరి. ఆ ఊరి శివాలయమునకు వారే ధర్మకర్తలు. అది నల్లరాతి గుడి. గర్భగుడి ముందు పొట్టి స్తంభముల మండపము, ప్రతి స్తంభముపైన దూలమును మోయుచు ఒక గణము. మండపపు అరుగుపై నిలుచున్నచో గణము ముఖము మన ముఖమున కెదురుగ నుండును. చెక్కిన శిల్పి ఎవరో గాని, బరువు మోయువారిని దగ్గరనుండి చూచినవాడు. ఒకదానికి బుగ్గలు పొంగియుండెను, ఒకటి పండ్లు బిగబట్టియుండెను, ఇంకొకటి ఒక చేయి దించి మోకాలు పట్టుకొనియుండెను.

ఒక ఏడు విస్సన్న, పంట బాగుగ వచ్చినచో గుడికి సున్నము వేయింతునని మ్రొక్కెను. పంట వచ్చెను, సున్నము వేయించెను. నాటినుండి ఏటేట అదే మ్రొక్కు. భక్తి ఎక్కువైనకొలది పూత దళసరియై, గణముల కన్నులు, ముక్కులు, నోళ్లు పూడిపోయెను. ఊరివారందరు గుడి తెల్లగ మెరయుచున్నదని మెచ్చుకొనిరి. శివునకు మాత్రము ఊపిరాడలేదు.

అంతట విస్సన్నకు భుజములు పట్టుకొనిపోయి చేతులు పైకి లేవకపోయెను. పొలము బీడుపడెను, ఎడ్లు చచ్చెను. నీళ్లు తెచ్చుట, కూలికి పోవుట, వండుట, భర్తకు తినిపించుట, ఇరుగుపొరుగువారు చెప్పిన నోమెల్ల నోచుట, అన్నియు సోమిదేవమ్మకే వచ్చెను. నోచి నోచి ఆమె నడుము పడిపోయెను గాని ఫలమేమియు కానరాలేదు.

ఇంత జరిగినను విస్సన్న, ఈ ఏటి సున్నము మాత్రము తప్పరాదని మంచముననుండి చెప్పెను. సోమిదేవమ్మ సున్నపు బాన నెత్తికెత్తుకొని గుడికి పోయి, దించువారు లేక స్తంభమునకు ఆనుకొనెను. పూత పెచ్చు ఒకటి ఊడిపడెను. కన్నులెత్తి చూడగా లోపలినుండి ఒక రాతిముఖము కనబడెను. "నీకూ దించేవాళ్లు లేరా నాయనా" అని ఆమె ఏడ్చి ఏడ్చి, బానను ఎట్లో అరుగుపైకి జార్చి, అక్కడనే నిద్రపోయెను.

కలలో శివుడు కనబడి, తన కప్పు మోయువారి ముఖములు మూసి చేసిన సేవ తనకు ముట్టదని చెప్పెను. సోమవారమున వచ్చి, ఇనుము తగులనీక, వెదురుపుల్లతోను కొబ్బరిపీచుతోను గణము ముఖమును కడిగి, దాని చెంత కూర్చుండి అలసట తీర్చుకొమ్మనెను. ఆమె అట్లే చేసెను. ముఖములు తేటపడినకొలది విస్సన్న చేతులు లేచెను. పొలము పండెను, గాదె నిండెను.

ఆ సంతోషము పట్టలేక విస్సన్న ఏమి చేసెననుకొంటిరి? మేళతాళములతో మరల సున్నము వేయించెను. ఇట్టివారితో వేగుట శివునికైనను కష్టమే. వెంటనే చేతులు పడిపోయెను, గాదె అగ్గిపాలయ్యెను. అతడు భార్యను పిలిచి మరల నోచుమనెను.

సోమిదేవమ్మ గడపలో కూలబడి, "నావల్ల కాదండీ. మిమ్మల్ని మోశాను, మీ మొక్కులూ మోశాను. ఇంక లేవలేను" అనెను.

ఎన్నడు ఎదురాడని ఇల్లాలు అంత మాట అనగా విస్సన్న తల వంచెను. ఆమె పగిలిన పాదములను అప్పుడు చూచి సిగ్గుపడెను. ఒంటరిగ గుడికి పోయి, అరుగెక్కి, చేతులు లేవనందున కొబ్బరిపీచును పండ్లతో కరచిపట్టుకొని గణము ముఖము రుద్దెను. సున్నము కన్నులలో పడినను మానలేదు. పిమ్మట ఇంటికి వచ్చి, ఎరుగని పని గనుక మాడ్చి మాడ్చి గంజి కాచెను. దానిని ఆమెకు వంచునప్పుడు తన చేయి లేచుట చూచుకొనెను. ఆమె అది చూడలేదు. త్రాగి, గోడకు ఆనుకొని నిద్రపోయెను.

కావున శాంతవ్రతా, ఇల్లు మోయువారు, నడుము పడిపోయినవారు, నోములు నోచి విసిగినవారు ఈ నోము నోచవలెను. పాత గుడికి పోయినప్పుడు గర్భగుడికి పరుగెత్తక మొదట స్తంభములను తేరిపార చూడవలెను. రాతికి సున్నము పూయరాదు. నోచినవారికి గాదెనిండ ధాన్యము, కంటినిండ నిద్ర, అడుగకుండనే చేతిసాయము కలుగును. నోచిన ఇల్లాలు ఆ దినమున పొయ్యి ముట్టరాదు. ముట్టెనా, నోము చెల్లదు.

కథ విన్నవారు అక్షతలు తలపై వేసికొనుడు. ఆడవారు లేవనక్కరలేదు. మగవారు లేచి విస్తళ్లు వేయుడు.