మూడోసారి పిలిచాక

ఏడాదిలో ముప్పై ఒక్క సంతాపసభల్లో డ్రమ్ములు వాయించినవాడికి న్యాయంగా చేతులు పడిపోవల్ల. ఓబులేసుకు చేతులు బాగానే ఉండినాయి. పడిపోయింది మనిషి.

ఆ సభలన్నీ ఒక్కరి కోసమే. ఆయన పేరు సైలస్. గుంతకల్లు రైల్వే కాలనీలో పుట్టి, 'ఎర్ర సిగ్నల్' అనే రాక్ బృందంలో డ్రమ్ములు వాయించినవాడు. ఆ బృందానికి పాటలన్నీ రాసింది కూడా ఆయనే. డ్రమ్ములు కొట్టేవాడు పాటలు రాసేదేందప్పా అని మొదట్లో నవ్వినవాళ్ళే, తరువాత ఆ పాటల్ని చొక్కాల మీద అచ్చేయించుకుని తిరిగినారు. బళ్ళారిలో, బెంగుళూరులో, హైదరాబాదులో, ఎక్కడ చూసినా ఆయనకు అభిమానులే. అట్లాంటి మనిషి నిరుడు నలభై నాలుగేళ్ళకే గుండె ఆగి పోయినాడు.

ఓబులేసు ఆయన శిష్యుడు. పదేళ్ళు ఆయన డ్రమ్ములు మోసి, బిగించి, తుడిచి, పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. గురువు పోయినాక బృందంవాళ్ళు ఆయన స్టూలు మీద ఇతన్నే కూర్చోబెట్టినారు.

మొదట్లో అంతా బాగానే ఉండింది. "కళ్ళు మూసుకుంటే అచ్చం సైలసన్నే" అని జనం ఏడ్చేవాళ్ళు. ఏడ్చి, స్టేజీ ఎక్కి వచ్చి వాటేసుకునేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళవానికి అదేమన్నా చిన్న మర్యాదా చెప్పండి! రొమ్ము విరుచుకునే తిరిగినాడు కొన్నాళ్ళు.

రానురాను ఒక సంగతి తెలిసొచ్చింది. అందరూ కళ్ళు మూసుకునే వింటున్నారు. తెరిచి చూసినవాడు ఒక్కడూ లేడు.

ఇది చాలదన్నట్టు ఆ నిశ్శబ్దం ఒకటి.

సైలస్ పాటల్లో అందరి నోళ్ళలో నానింది బండి పాట. అందులో ఒక చోట గొంతు ఇట్లా అడుగుతుంది:

ఆగిన చోటే ఊరని అంటే
ఆగని బండికి ఊరేదన్నా?

అడిగిన వెంటనే డ్రమ్ములు ఆగిపోతాయి. గిటార్లూ ఆగిపోతాయి. కాసేపు ఏమీ ఉండదు. తరువాత సైలస్ ఒక్క దెబ్బ కొడతాడు, పాట మళ్ళా లేస్తుంది. ఆ ఏమీ లేని కాసేపటి మీద అభిమానులు రాసిన రాతలు కుప్ప పోస్తే గూడ్సు బండి నిండుతుంది. ఒకాయన అది దేవుని జవాబు అన్నాడు. ఇంకొకాయన అది రెండు స్టేషన్ల నడుమ చీకటి అన్నాడు. ఎవరన్నా పోయి సైలస్‌నే అడిగితే ఆయన "టీ తాగుదామా?" అనేవాడు.

పదేళ్ళు పక్కనే ఉండి ఓబులేసు మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఎప్పుడైనా అడగొచ్చులే అనుకున్నాడు.

అభిమాన సంఘానికి కార్యదర్శి హేమలత. బ్యాంకులో పని. మనిషి మంచిదే, ప్రతి సభలోనూ అందరికంటే ముందు ఏడ్చేది ఆమే. కానీ ఆమె ఆ నిశ్శబ్దాన్ని సెల్‌ఫోను పెట్టి కొలిచింది. ఒకటీ ముప్పావు సెకను.

"ఓబులేసూ, నిన్న ఆదోనిలో రెండు దాటించినావు" అనేది. తరువాతి సభలో ఓబులేసు జాగ్రత్తపడితే, "ఈసారి ఒకటింబావుకే కొట్టేసినావు నాయనా, మాకు ఊపిరి కూడా తీసుకోనీయలేదు" అనేది.

ఓబులేసు గదిలో కూర్చుని లెక్కపెట్టుకుంటూ వాయించినాడు. వందసార్లు, రెండొందలసార్లు. లెక్క కుదిరితే దెబ్బ చచ్చుగా పడేది. దెబ్బ బాగుంటే లెక్క తప్పేది. అన్నం తినేటప్పుడు లెక్కే, పండుకుంటే లెక్కే.

సైలస్ పోయి ఏడాది అయ్యే ఆదివారం నాడు రైల్వే మైదానంలో పెద్ద సభ పెట్టినారు. శుక్రవారం పొద్దున్నే హేమలత ఫోను చేసింది.

"సాయంత్రం లోపల ఒక మాట చెప్పు. నువ్వే వాయిస్తావా, లేకుంటే ఆ పాటకు సైలస్ గారి రికార్డింగే వేసేద్దామా? తప్పుగా అనుకోవద్దు. అంత దూరం నుంచి వస్తాండారు, వాళ్ళకు ఆయన నిశ్శబ్దం కావల్ల కదా."

"చెప్తానక్కా" అన్నాడు ఓబులేసు. రికార్డింగే వేసుకోండి అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. వేసుకుంటే అయిపోతుంది. ఆ ఒక్క పాటకే కాదు, అన్నిటికీ. గుత్తిలో బావకు టైర్ల అంగడి ఉంది, పోయి అందులో కూర్చుంటే ఎవరూ కళ్ళు మూసుకోరు.

ఆ మాట చెప్పేముందు ఒకసారి ఉస్తాదును చూసొద్దామని బయలుదేరినాడు.

ఉస్తాదు అంటే ఖాదర్ వలీ. పాత బస్టాండు వెనక సందులో బ్యాండు మేళం నడుపుతాడు. పెళ్ళికీ ఆయనే, సావుకూ ఆయనే. సైలస్ పన్నెండేళ్ళప్పుడు డ్రమ్ము పుల్లలు పట్టింది ఆయన దగ్గరే. ఓబులేసుకు మొదటి రెండేళ్ళు చేతులు తిప్పించింది కూడా ఆయనే. డెబ్బై ఆరేళ్ళొచ్చినా ఇంకా మేళంతో పాటు తాళాలు పట్టుకుని నడుస్తాడు.

ఓబులేసు పోయేసరికి ఉస్తాదు గడప మీద కూర్చుని మేళంవాళ్ళ ఎర్ర కోటుకు గుండీ కుడుతున్నాడు.

"ఎవురూ? ఓబులేసా? ఏంరా, ఇట్లయిపోయినావు! తింటాండావా లేదా?"

"తింటాండా ఉస్తాదూ. వాయించేది మానేద్దామనుకుంటాండా."

"మానేయి. ఎవురొద్దన్నారు?"

ఇంత సులభంగా ఒప్పుకుంటాడని ఓబులేసు అనుకోలేదు. వద్దురా అని గడ్డం పట్టుకుంటాడనుకున్నాడు. చివరికి అడిగేసినాడు.

"ఉస్తాదూ, బండి పాటలో సైలసన్న ఆపుతాడు కదా, ఆ ఆపిన చోట ఎంతసేపుండల్ల? ఆయన మీ దగ్గర నేర్చుకున్నోడు. మీకు తెలిసే ఉంటాది."

ఉస్తాదు దారం కొరికి, కోటు దులిపి, దాన్ని ఓబులేసు మీదికి విసిరినాడు.

"బాషాకు జొరం. మూడింటికి సావుంది. సైడ్ డ్రమ్ముకు మనిషి లేడు. తొడుక్కో."

"నేనడిగింది..."

"వాడు పొట్టోడు. చేతులు చాలవు. సర్దుకో."

ఏం చేస్తాడు? తొడుక్కున్నాడు. మోచేతుల కిందికి రాలేదు కోటు. బెంగుళూరు స్టేజీల మీద వాయించిన మనిషి, జరీ పట్టీల కోటులో, మెడకు డ్రమ్ము తగిలించుకుని, మూడింటి ఎండలో సావు ముందర నిలబడినాడు.

క్లారినెట్ వాయించే మక్బూలు నవ్వినాడు. "ఏం హీరో, లైట్లు లేకుంటే చేతులాడతాయా?"

"ఇంత ఎండ ఉంది కదా మామా, ఇంకేం లైట్లు కావల్ల నీకు?" అన్నాడు ఓబులేసు.

పోయినాయన పేరు చిన్న రంగప్ప. రైల్వేలో పనిచేసి రిటైరైన ముసలాయన. కొడుకు తిప్పేస్వామి నిప్పుకుండ పట్టుకుని ముందర నడుస్తున్నాడు. యాభై ఏళ్ళు ఉంటాయి. కంట తడి లేదు, ఎవరేం చెబితే అది చేస్తున్నాడు.

మేళం కదిలింది. ఓబులేసు వాయిస్తున్నాడు. రోడ్డు మీద ఎవరూ కళ్ళు మూసుకోలేదు. ఆ మాటకొస్తే ఎవరూ వినలేదు కూడా. పాడె మోసేవాళ్ళు దెబ్బకొక అడుగు వేస్తున్నారు, అంతే. ఇది ఎవరి దెబ్బ, ఎవరి మాదిరి ఉంది అని ఒక్కరూ అడగలేదు. ఏడాదిలో మొదటిసారి ఓబులేసుకు మెడ కాస్త తేలికైంది, మెడకు అంత బరువు వేలాడుతున్నా సరే.

గూడ్సు షెడ్డు గోడ దాటినాక రోడ్డు శ్మశానం వైపు తిరుగుతుంది. ఆ మలుపులో పాడె దించినారు. దింపుడు కళ్ళం. మీకు తెలిసిందే కదా. శ్మశానం చేరేలోపల ఒక చోట పాడె నేల మీద పెట్టి, కొడుకు చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. ఒకవేళ ప్రాణం ఉందేమో, పలుకుతాడేమో అని. ఎవరూ పలకరు. అయినా పిలవకుండా ముందుకు పోరు.

ఉస్తాదు చెయ్యెత్తినాడు. మేళం ఆగింది.

ఆయన ఓబులేసు దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పినాడు. "మా మేళంలో పాడె లేచేది సైడ్ డ్రమ్ము దెబ్బ మీదే. నువ్వు కొడితేనే లేపుతారు."

"ఎప్పుడు కొట్టల్ల?"

"మూడోసారి పిలిచినాక."

"పిలిచినాక ఎంతసేపటికి ఉస్తాదూ?"

ఉస్తాదు అప్పటికే గోడ నీడలోకి పోయి నిలబడినాడు.

తిప్పేస్వామి నిప్పుకుండ పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తండ్రి చెవి దగ్గర వంగినాడు.

"నాయనా."

మామూలుగా పిలిచినాడు, ఇంట్లో అన్నానికి పిలిచినట్టు. గోడ అవతల ఏదో ఇంజను దూరంగా పోతూ ఉంది.

"నాయనా."

ఈసారి గొంతు కాస్త పెద్దదైంది.

"నాయనా, పలుకు నాయనా."

పిలిచి, అట్లే చెవి తండ్రి నోటి దగ్గర పెట్టినాడు.

ఓబులేసు పుల్లలు ఎత్తి పట్టుకున్నాడు. చుట్టూ నలభై మంది ఉన్నారు. ఒక్కరి కాలు కదల్లేదు. వంగిన తిప్పేస్వామి వీపు మీద చొక్కా తడిసి అంటుకుని ఉంది. ఆ వీపు లేవడం లేదు.

కొట్టనంతసేపూ ఆ ముసలాయన ఇంకా పలకలేదు, అంతే. కొడితే ఇక పలకడు.

ఇంకొంచెం ఇద్దామనుకున్నాడు. ఇంకొంచెం. ఉస్తాదు వైపు చూసినాడు. ఆయన తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటూ ఎటో చూస్తున్నాడు. పాడె మోసేవాళ్ళ వైపు చూసినాడు. వాళ్ళు నలుగురూ వంగి, వెదుళ్ళ మీద చేతులు వేసి, తలలెత్తి ఇతన్నే చూస్తున్నారు. అందులో ఒక పెద్దాయన కాళ్ళకు చెప్పుల్లేవు. కాలే రోడ్డు మీద ఒక కాలు ఎత్తి ఇంకో కాలి మీద పెడుతున్నాడు, మళ్ళా మారుస్తున్నాడు.

ఓబులేసు కొట్టినాడు.

తిప్పేస్వామి ఉలిక్కిపడి లేచినాడు. లేచి, అప్పుడు ఏడ్చినాడు, బోరుమని. ఎవరో భుజం పట్టుకున్నారు, ఎవరో నిప్పుకుండ చేతికిచ్చినారు. పాడె లేచింది. పెద్దాయన కాళ్ళు గబగబా కదిలినాయి. క్లారినెట్ అందుకుంది. ఓబులేసు వాయిస్తూనే ఉన్నాడు. ఆ దెబ్బ సైలసన్నది కాదు, ఉస్తాదు నేర్పించిందీ కాదు. ఏం వాయిస్తున్నాడో వానికే తెలియదు. మధ్యలో మక్బూలు ఒకసారి వెనక్కి తిరిగి, కళ్ళు పెద్దవి చేసి చూసినాడు.

పని అయిపోయినాక అందరూ శ్మశానం బయట కొళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుంటున్నారు. అప్పుడు ఫోను మోగింది.

"ఏమనుకున్నావు ఓబులేసూ? రికార్డింగు పెట్టించేదా?" అనింది హేమలత.

"వద్దక్కా. నేనే వాయిస్తా."

"మరి ఆ నిశ్శబ్దం?"

"ఉంటాదక్కా."

"ఒకటీ ముప్పావు..."

"ఎంతుంటాదో తెలీదక్కా. ఉంటాది" అని పెట్టేసినాడు.

పొట్టి కోటు విప్పి, మడిచి, డ్రమ్ము మీద పెట్టినాడు. ఉస్తాదు పక్కన వచ్చి నిలబడి కొళాయి కింద తుండుగుడ్డ తడుపుకుంటున్నాడు.

"ఉస్తాదూ" అన్నాడు ఓబులేసు. "నాకు కొట్టబుద్ధి కాలేదు."

ముసలాయన తుండుగుడ్డ గట్టిగా పిండి, భుజాన వేసుకున్నాడు.

"ఎవురికీ కాదురా" అన్నాడు. "అందుకే మేళమోన్ని పిలుచుకునేది."