పేరంటాలు శిక్ష

అనగనగా ఒక ఊరు. ఎప్పుడని అడక్కండి. మా తాతకి తాత మొలతాడుతో తిరిగే రోజులనుకోండి.

ఆ ఊళ్లో పేరంటాలు అని ఒక ముసలావిడ ఉండేది. చిరువేరు ఉడకబెట్టి నూలుకి ఎర్రరంగు వేసేది. మోచేతుల దాకా ఎరుపే. చదువా, రాదు. ఆస్తా, రెండు రంగు బానలు. నోరు మాత్రం, అమ్మో!

ఒకరోజు గవరయ్య అనే ఆయనొచ్చి, "అవ్వా, బాన అడుగున మిగిలిన రంగునీళ్లిస్తావా? గోడలకి పూసుకుంటాను" అన్నాడు.

"పారబోసేవేగా నాయనా, పట్టుకుపో" అంది.

వారం వారం పట్టుకుపోయాడు, పుణ్యాత్ముడు.

మూడు వారాలకి గవరయ్య సంతలో ఎర్రటి మందుసీసాలు పెట్టాడు. వాటి మీద అచ్చు కాగితం. జ్వరం పోతుందట, ఉబ్బసం పోతుందట, పోయిన చూపొస్తుందట! అచ్చులో ఉంటే అబద్ధమెలా అవుతుందని జనం ఎగబడ్డారు. పక్కింటి సూరమ్మా కొంది. ఆవిడ కూతురు అంకాలుకి విడవని జ్వరం. వైద్యుడి కషాయం మాన్పించి ఇదే పట్టింది. పిల్ల రోజురోజుకీ నీరసించిపోయింది.

చూడ్డానికెళ్లిన పేరంటాలు సీసా మూత తీసి వాసన చూసింది. బెల్లం కలిపారు గానీ, అది తన బాన వాసనే!

"ఇది మందు కాదే సూరమ్మా!"

"అక్షరం ముక్క రాదు, నీకేం తెలుసత్తా?" అంది సూరమ్మ.

పేరంటాలు మునసబు దగ్గరికి పరిగెత్తి ఫిర్యాదు చేసింది. "అచ్చులో ఉందిగా, పో" అన్నాడాయన. మళ్లీ వెళ్లింది. "సాక్షి ఏడీ? పో" అన్నాడు. మూడోసారి సంతరోజున పొయ్యి, కుండ, చిలపగా చుట్టిన నూలుకట్ట తెచ్చుకుని చావడి ముందే కూలబడింది.

"ఇదిగో నా సాక్షి!"

రంగు పట్టి నిలవడానికి కరక్కాయ నీళ్లలో, పటిక నీళ్లలో నానబెట్టిన నూలది. గవరయ్య మందు కుండలో పోసి మరిగించింది. నూలు ముంచి తీసింది. ఎర్రగా నిగనిగలాడింది.

"ఉతకండి. రంగు పోతే నా పేరు మార్చండి!"

ఉతికారు. పోతేగా! అది మందు కాదు, చిరువేరు రంగేనని అందరూ కళ్లారా చూశారు.

గవరయ్య పేరంటాలు వైపు వేలు చూపించాడు. "ఆ నీళ్లిచ్చింది ఈవిడే!" అని అరిచాడు.

"నిజమేనా? అయితే నీకూ శిక్ష తప్పదు" అన్నాడు మునసబు.

"నిజమే బాబూ. ఎందుకో ఏమిటో కనుక్కోకుండా ఇచ్చాను. నాకూ వెయ్యండి శిక్ష. ముందు ఆ పిల్లకి ఆ నీళ్లు మాన్పించండి!" అని భోరుమంది పేరంటాలు.

సూరమ్మ లబోదిబోమంటూ ఇంటికి పరిగెత్తింది. మళ్లీ కషాయం పట్టారు. పదిరోజులకి అంకాలు లేచి కూర్చుని గంజి అడిగింది.

గవరయ్య చేతే కాగితాలన్నీ గీకించి, సీసాలన్నీ పారబోయించి ఊరు దాటించారు. పేరంటాలుకేమో, ప్రతి సంతలో మందుల వరసలో కూర్చుని, వచ్చిన ప్రతి మందులోనూ నూలు ముంచి చూడమని శిక్ష వేశారు. ఎన్నాళ్లో మునసబు చెప్పలేదు. ఆవిడా అడగలేదు. బతికినన్నాళ్లూ కూర్చుంది, మా తల్లే!

ఆవిడ పోయింది. శిక్ష కొట్టెయ్యాల్సిన మునసబూ పోయాడు. ఆ మరుసటి సంతకి అంకాలు చిలప పట్టుకుని వెళ్లి ఆ చోటే కూర్చుంది. ఇప్పటికీ ప్రతి సంతకీ ఒక ఆడమనిషి అక్కడ కూర్చుంటుంది. ఎవరమ్మా నువ్వని అడిగితే, "ఈ వారం పేరంటాలు శిక్ష నాది" అంటుంది.