నక్క చెప్పలేని పేరు

సాదోకు గారి పశువుల దొడ్డికి పెద్ద, ముసలి ఎద్దు బూడిదన్న. వయసులో ఉండగా ఒక్క రంకె వేశాడంటే ఏడూళ్ళ బావుల్లో నీళ్ళు గట్టెక్కేవి. ఒక్క పూటలో కొండను దున్ని మడి చేసినవాడు. ఇప్పుడు మెడలో గంట మొయ్యడమే గగనం. అయినా అది సాదోకు గారి తాత కట్టిన గంట. అదంటే ప్రాణం.

సాదోకు గారిది యూదుల ఇల్లు. దేవుడి అసలు పేరు ఆ ఇంట ఎవరూ పలకరు. ‘ఆ పేరు’ అని ఊరుకుంటారు. దొడ్డిలోనూ అదే కట్టుబాటు. ఆ పేరు పెట్టి దేవుణ్ణి తిట్టిన జంతువు కంచె దాటి పోవాల్సిందే.

ఓ మిట్టమధ్యాహ్నం నక్క వచ్చి బూడిదన్నను లేపింది. దొడ్డిలో ఎవరినీ ముట్టనని ఒట్టేసి, మొన్నటి వానల్లో చోటు సంపాదించిన నక్క అది.

“పెద్దయ్యా, ఘోరం. ముల్లు గుచ్చుకుందని మేక చుక్కమ్మ ఆ పేరు పెట్టి తిట్టింది. నేను విన్నాను, కాకీ విన్నది.”

చుక్కమ్మ కుంటుకుంటూ ముందుకొచ్చింది. “అబ్బా అన్నాను తాతా, అంతే.”

బూడిదన్న నిట్టూర్చాడు. నక్క ఒట్టు కంచె లోపలికే. కంచె దాటిన మేక దాని పొట్టలోకే. పైగా ఆ తిట్టు చెవిన పడితే సాదోకు గారైనా సంతాపంగా చొక్కా చింపుకోవాలి, మళ్ళీ కుట్టుకోకూడదు. చొక్కా లేని ఎద్దు గంట తాడు తెంపుకోవాలి.

“విచారణలో ఆ పేరుకు బదులు ‘గడ్డి’ అను. ఏమని తిట్టింది?”

“గడ్డి చేతిలో గడ్డి నాశనమైపోను, అంది.”

నెమరేస్తున్న గేదెలు టక్కున ఆపేశాయి.

“బదులు పెట్టిన మాట మీద శిక్ష వెయ్యకూడదు,” అన్నాడు బూడిదన్న. “సాక్షులు తప్ప అందరూ అవతలికి వెళ్ళండి. ఒకరు అసలు పేరుతో విన్నది విన్నట్టు చెప్పాలి. రెండోవారు ‘నేనూ అదే విన్నాను’ అంటే చాలు.”

“కాకి చెబుతుంది. రెండో సాక్షిని నేను,” అంది నక్క.

“చెప్పాల్సింది పెద్ద సాక్షి. మీలో ఎవరు పెద్ద?”

“ఇంకెవరు, నక్కబావే,” అంది కాకి. “ఈ కొండ గులకరాయంత ఉన్నప్పుడు నోట కరుచుకుని ఆడుకున్నానని రోజూ చెబుతాడుగా.”

నక్క దాన్ని కొరికేలా చూసింది.

అసలు పేరుతో చెప్పే తిట్టును నిలబడి వినాలి. బూడిదన్న లేచాడు. మోకాళ్ళు పటపటమన్న చప్పుడుకు మూడు పొలాల అవతల కొంగలు ఎగిరిపోయాయి.

“పలుకు.”

“అంత పవిత్రమైన పేరు ఈ పాపిష్టి నోటితో ఎలా, పెద్దయ్యా?”

“కట్టుబాటే పలకమంటోంది. నీకు పాపం అంటదు.”

నక్క నోరు తెరిచింది. మూసింది. నాలుక తడుపుకుంది. ఒక్క అక్షరం రాలేదు.

నేర్పిన పాఠం మరవని కాకి గొంతు సవరించుకుంది. “నేనూ అదే విన్నాను.”

“నిజం చెప్పావమ్మా,” అన్నాడు బూడిదన్న. “నలభై ఏళ్ళు సాదోకు గారి గుమ్మంలో కట్టేసి ఉన్నాను. తాత పలకలేదు, కొడుకు పలకలేదు, మనవడూ పలకలేదు. నాకే తెలియని పేరు చుక్కమ్మకు ముల్లు నేర్పిందా?”

కాకి చడీచప్పుడు లేకుండా ఎగిరిపోయింది. దొంగసాక్షి తాను కోరిన శిక్షే తాను మొయ్యాలి. గేదెలు తిరిగొచ్చి నక్కను కంచె దాటించాయి. అవతల చెరకుతోట కుక్కలు కాచుకుని ఉన్నాయి. ఆ పరుగుకు లేచిన దుమ్ములో ఊరికి మూడు రోజులు పొద్దు కనబడలేదు.

“తాతా, ముల్లు ఇంకా కాల్లోనే ఉంది,” అంది చుక్కమ్మ.

“ఇలా పెట్టమ్మా.” ముల్లు లాగేసి బూడిదన్న మళ్ళీ ఒరిగాడు. మెడలో గంట ఒక్కసారి మోగి ఊరుకుంది.

దేవుడి పేరు అడ్డం పెట్టి ఎదుటివాణ్ణి పట్టించబోతే, ముందు పట్టుబడేది మన నోరే.