రేవులో ఇంగ్లీషు పాఠం

"మాస్టారూ, ఒక పని ఎలా చేయాలో ఇంగ్లీషులో రాసేటప్పుడు ఏది ముందు రాయాలి, ఏది తరవాత రాయాలి?" అని అడిగింది మృదుల.

సత్యానందం మాస్టారు ఇలాంటి ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పరు. శిష్యులు రాసి తెచ్చింది రాసినట్టే చేసి చూపిస్తారు. టీ పెట్టే విధానం రాసుకొచ్చిన ఒక శిష్యుడు నీళ్ళు పోయమని రాయడం మరిచిపోతే, ఆయన ఇంట్లో గిన్నె మాడిపోయింది.

ఆ రోజు మృదుల చేతిలో ఉన్న కాగితం టీ సంగతి కాదు. గోదావరి పాయలో యాత్రికుల పడవలు నడిపేవాళ్ళ దగ్గర ఆమెకు కొత్తగా ఉద్యోగం దొరికింది. మర్నాడు విదేశాల నుంచి వచ్చేవాళ్ళు నీళ్ళలోకి దిగి ఈదుతారట. లైఫ్ జాకెట్ వాడే పద్ధతిని బోర్డు మీద రాసే పని ఆమెకు అప్పగించారు. బెల్టు బిగించుకున్నాకే నీళ్ళలోకి దిగమని ఆమె రాసిన మొదటి వాక్యం ఇది: "ఎంటర్ ద వాటర్ ఓన్లీ ఆఫ్టర్ ఫాసెనింగ్ ద బెల్ట్."

మాస్టారు చదివి హుషారుగా లేచారు. "వ్యాకరణం బంగారం! పద, రేవుకి పోదాం."

రేవు మెట్ల మీద ఆయన జాకెట్ భుజాలకు తగిలించుకున్నారు. "పాఠం అయ్యేదాకా నాకు తెలుగు రాదు, గుర్తుంచుకో" అన్నారు. తరవాత కాగితం కళ్ళ ముందు పెట్టుకుని పైకి చదివారు. "ఎంటర్... ద... వాటర్." చదవడమే తడవు, కాగితంతో సహా దూకేశారు!

"వాక్యం ఇంకా అవలేదు మాస్టారూ!" అని కేక పెట్టింది మృదుల.

మాస్టారు గజఈతగాడని ఊరంతా ఎరుగును. అందుకే ఆమెకు ముందు నవ్వొచ్చింది. కానీ బెల్టు పెట్టని జాకెట్ నీళ్ళలో పైకి తేలి ఆయన మొహాన్ని కప్పేసింది. చేతులు రెండూ అందులో ఇరుక్కుని పైకి లేచిపోయాయి. చేతులు ఆడకపోతే ఎంతటి ఈతగాడైనా ఏం చేస్తాడు? ప్రవాహం ఆయనను మెట్ల నుంచి దూరంగా లాగసాగింది.

"మాస్టారూ, మీరు ముందుగా ఆ జాకెట్‌ని కొంచెం..." అని మొదలుపెట్టింది మృదుల.

"ఇంగ్లీష్!" అని జాకెట్ లోపలి నుంచి గొంతు వినిపించింది. ఆ వెనకే పెద్ద దగ్గు. ఆ తరవాత గొంతు లేదు.

మృదుల పడవ కట్టే తాడు అందుకుని విసిరింది. అది సరిగ్గా ఆయన చేతుల మీద పడింది.

"హోల్డ్ ద రోప్!"

చేతులు తాడును తడిమి పట్టుకున్నాయి.

"పుల్ ద జాకెట్ డౌన్!"

ఒక చెయ్యి కిందికి గుంజింది. నెరిసిన తల, దాని కింద ఎర్రబడ్డ మొహం బయటపడ్డాయి.

"క్లిప్ ద బెల్ట్!"

టక్కుమన్న చప్పుడు గట్టు దాకా వినిపించింది.

"కిక్! కిక్!"

మాస్టారు కాళ్ళు టపటపలాడించారు. మృదుల అరచేతులు మండుతున్నా తాడు వదలకుండా లాగింది. ఆయన మెట్టెక్కగానే ఆమె అక్కడే కూలబడి, నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తనకే తెలియకుండా ఆయన తడి చెయ్యి పట్టుకుంది.

"నా రాత మీ ప్రాణం మీదికి తెచ్చింది మాస్టారూ. ఇక ఆ బోర్డు నేనెలా రాయను?"

మాస్టారు మొహం తుడుచుకున్నారు. కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా మెరుస్తున్నాయి.

"ఏ పనికి ఆ మాట, ఒకదాని తరవాత ఒకటి! నేను మునుగుతున్నానని తెలిశాక నీ ఇంగ్లీషు ఎంత బాగుందమ్మాయ్!" అన్నారు.